తల్లిని చూపించని అమ్మకం

‘గోల్డెన్ రిట్రీవర్ పప్పీస్. 45 డేస్. డబుల్ బోన్, హెవీ కోట్. వ్యాక్సిన్ కంప్లీట్. కేసీఐ పేపర్స్ ఉన్నాయి. తెలంగాణ మొత్తం డెలివరీ. ఓన్లీ 12,000.’ కింద మెడలో ఎర్ర రిబ్బను కట్టిన తేనెరంగు కుక్కపిల్ల ఫొటో.

ఇంత చిన్న ప్రకటనలోనే రెండు తప్పులున్నాయి. కుక్కల పెంపకం, అమ్మకాల మీద కేంద్రం 2017 మే నెలలో నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదు. ఇక 45 రోజుల పిల్లకు టీకాలు ‘కంప్లీట్’ కావడం అన్నది జరిగే పనే కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి పదహారు వారాలు వచ్చేదాకా విడతలవారీగా వేస్తూ పోవాలి. రేబిస్ టీకా మూడు నెలలు నిండితేగానీ వేయరు. జనగామలో ఫోనులో ఆ ప్రకటన చూస్తున్న టీచరమ్మకు ఇవేవీ తెలియవు. ఆమెకు తెలియకపోవడంలో తప్పులేదు. ఆ ప్రకటనను వేయనిచ్చిన యాప్‌కు మాత్రం తెలిసుండాలి.

కథలోకి వెళ్లేముందు పాఠకులకు ఒక మాట. ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగినది కాదు. కుక్కపిల్లల పేరుతో జరుగుతున్న మోసాల తీరును జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలో ఉండే ఒక కుటుంబం మీదుగా చెబుతున్నాం. అందుకే మనుషులకు పేర్లు పెట్టలేదు. చట్టాలు, తేదీలు, విదేశీ కేసులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

జనగామలో ఆ రోజు మంగళవారం. సికింద్రాబాద్‌లో ఉద్యోగం చేసే భర్త సాయంత్రం రైల్లో వచ్చేలోపే బేరం తేల్చేయాలని టీచరమ్మ వాట్సాప్ తెరిచింది. తొమ్మిదో తరగతి చదివే కూతురు పక్కనే నిలబడి ఉంది. రెండేళ్లుగా అడుగుతున్న కుక్కపిల్లను పుట్టినరోజుకు తెస్తామని మాటిచ్చారు మరి.

“పిల్ల ఎక్కడుంది? వచ్చి చూడొచ్చా?”

“బెంగళూరు మేడమ్. ఫామ్ సిటీ బయట ఉంటుంది. ఒక్కటే ఫీమేల్ మిగిలింది. రెండు వేలు బుకింగ్ వేస్తే మీ పేరు మీద ఆపేస్తా.”

“తల్లిని కూడా వీడియో కాల్‌లో చూపించండి.”

“మదర్ ఇప్పుడు డాక్టర్ దగ్గరుంది మేడమ్. పప్పీ వీడియో పంపుతున్నా చూడండి.”

వీడియో వచ్చింది. పిల్ల గడ్డిలో దొర్లుతోంది. కూతురు కేకేసింది. తల్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగి, జవాబు రాకముందే వదిలేశారు.

రెండు వేలు వెళ్లాయి. గంటలో ట్రాన్స్‌పోర్ట్‌కని 3,500. రాత్రికి ఏసీ కేజ్ డిపాజిట్ 4,800, పిల్ల ఇంటికి చేరగానే వాపసు ఇస్తారట. పొద్దున ఇన్సూరెన్స్ 6,000, అదీ వాపసే. ప్రతి మొత్తానికీ ఒక రసీదు, దాని మీద ముద్ర, గుండ్రటి సంతకం. బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఉండగా ఇంకో నంబరు నుంచి ఫోను. ఈసారి గొంతు కటువుగా ఉంది.

“మీ పిల్ల చెక్‌పోస్ట్ దగ్గర ఆగింది. హెల్త్ సర్టిఫికెట్ మీ పేరు మీద లేదు. 9,500 కట్టకపోతే జంతు హింస కేసు మీ మీదే పడుతుంది.”

ఆమె చెయ్యి వణికింది. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషికి కేసు అన్న మాట ఎంత బరువో మోసగాళ్లకు తెలుసు. భర్తకు చెప్పలేక మహబూబాబాద్‌లో మిర్చి వ్యాపారం చేసే తమ్ముడికి ఫోను చేసింది.

“ఎంత పంపినవక్కా?”

“పదహారు వేల మూడు వందలు. కుక్కపిల్ల అక్కడ ఎండలో ఉందటరా…”

“ఏ కుక్కపిల్లా లేదక్కా. ఉన్నదంతా ఫొటోనే. ఫోను పెట్టేసి 1930కి చెయ్యి.”

“నలుగురికి తెలిస్తే నవ్వరా?”

“నవ్వేటోళ్లు నవ్వనీ. ముందు చెయ్యి!”

ఈ సంకోచమే మోసగాళ్లకు అండ. 1930 సైబర్ నేరాల హెల్ప్‌లైన్. డబ్బు పోయిన వెంటనే ఫోను చేస్తే, అది ఏ ఖాతాలో పడిందో అక్కడే ఆపేలా బ్యాంకులకు సమాచారం వెళ్తుంది. ఆలస్యమైతే ఆ సొమ్ము ఇంకెవరి పేరు మీదో ఉన్న నాలుగైదు ఖాతాలు దాటి ఏటీఎంలో తేలుతుంది. మన కథలో చివర పంపిన ఆరు వేలు ఆగాయి. మిగతావి అప్పటికే దాటిపోయాయి. ఆగిన సొమ్ము కూడా వెంటనే చేతికి రాదు. తెలంగాణలో ఇలాంటి సొమ్మును లోక్ అదాలత్‌ల ద్వారా బాధితులకు తిరిగి ఇప్పిస్తున్నారు. ఆ రాత్రే ఇంకో మెసేజ్ వచ్చింది: ‘రిఫండ్ కోసం ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి.’ డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదు. పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. అప్పటికి తమ్ముడు జనగామ వచ్చేశాడు కాబట్టి అదొక్కటి తప్పింది.

ఇది మన దగ్గర పుట్టిన ఎత్తుగడ కాదు. 2020 డిసెంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఫెడరల్ అధికారులు రుమేనియాలో చదువుకుంటున్న ఒక కామెరూన్ దేశస్థుడి మీద కేసు ప్రకటించారు. కుక్కపిల్లల పేరుతో వెబ్‌సైట్లు పెట్టాడని, రవాణా సంస్థ పేరుతో మళ్లీ మళ్లీ డబ్బు గుంజాడని, పిల్లకు కరోనా సోకి ఉండొచ్చు కనుక ఇంకో పత్రానికి కట్టాలని కూడా అడిగించాడని అభియోగం. 2022 ఏప్రిల్‌లో గూగుల్ సంస్థే ఇలాంటి వెబ్‌సైట్లు నడిపాడంటూ మరో కామెరూన్ వాసి మీద కాలిఫోర్నియా కోర్టుకెక్కింది. సౌత్ కరోలినాలో ఒకరు బాసెట్ హౌండ్ పిల్ల కోసం 700 డాలర్లు గిఫ్ట్ కార్డుల్లో పంపి మోసపోయిన ఉదంతం ఆ దావాకు దారితీసింది. కోవిడ్ రోజుల్లో ఒంటరితనం ఎక్కువై కుక్కపిల్లల కోసం జనం ఎగబడ్డ కాలం అది. అక్కడ గిఫ్ట్ కార్డు, ఇక్కడ యూపీఐ. కేజ్, ఇన్సూరెన్స్, సర్టిఫికెట్ అనే మెట్లు మాత్రం ఎక్కడైనా అవే.

మళ్లీ మన కథలోకి వస్తే, ఆ అమ్మాయి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. మహబూబాబాద్ మామ ఊరుకోలేకపోయాడు. ఈసారి ముందుగా పైసా ఇచ్చేది లేదు, పిల్ల చేతికొచ్చాకే డబ్బు అని గట్టిగా అనుకుని ఇంకో ప్రకటన పట్టుకున్నాడు. అమ్మేవాడు మర్యాదగా మాట్లాడాడు. ఆదివారం పొద్దున హన్మకొండ బస్టాండు దగ్గర కారు ఆపి, టమాటా ట్రేలోంచి పిల్లను తీసి చేతికిచ్చాడు. నిజమైన పిల్ల. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. పద్నాలుగు వేలు తీసుకుని టీకాల పుస్తకం ఇచ్చాడు.

“తల్లి ఏడుంది?” అని మామ అడిగాడు.

“మా ఫ్రెండ్ ఫామ్‌ల ఉన్నది సార్. దూరం. పేపర్స్ కొరియర్ చేస్త.”

పుట్టినరోజు ఇంకో వారం ఉంది కనుక అప్పటిదాకా మహబూబాబాద్‌లోనే ఉంచుదామనుకున్నారు. ఆదివారం రాత్రి పిల్ల పాలు ముట్టలేదు. కొత్త చోటు కదా అనుకున్నారు. సోమవారం తెల్లవారుజామున పచ్చటి నురగ కక్కింది. పొద్దెక్కేసరికి విరేచనం, అందులో రక్తం. ఆ వాసన ఒక్కసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. ఇల్లంతా పట్టేసింది.

పశువుల డాక్టరు పిల్ల మెడ మీద చర్మాన్ని వేళ్లతో పైకి లాగి వదిలాడు. చర్మం వెంటనే కిందికి జారలేదు, గుడారంలా అలాగే నిలబడింది. ఒంట్లో నీరు లేదని అర్థం. చిగుళ్లు నొక్కి చూశాడు. పరీక్ష కిట్‌లో రెండో గీత పడింది. పార్వో. ముందరి కాలికి జుట్టు గొరిగి సూది గుచ్చాలంటే నరం దొరకడానికే చాలాసేపు పట్టింది.

“ఎప్పుడు తెచ్చిన్రు?”

“నిన్న పొద్దున సార్.”

“అయితే ఇది మీ ఇంట్ల తగిలింది కాదు. వైరస్ సోకినంక బయటపడేదానికి మూడు నుంచి ఏడు రోజులు పడ్తది. వాడు అమ్మేటప్పటికే ఇది రోగంతోటి ఉన్నది.”

టీకాల పుస్తకం తిరగేశాడు. టీకా వేసినప్పుడు మందు సీసా మీది స్టిక్కర్ ఒలిచి పుస్తకంలో అంటిస్తారు, దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. పక్కన వేసిన డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. ఈ పుస్తకంలో స్టిక్కర్ చోట బాల్‌పెన్నుతో ‘డన్’ అని రాసుంది.

పార్వోను ప్రపంచం 1978లో గుర్తించింది. ఆ వైరస్‌ను నేరుగా చంపే మందు మామూలు చికిత్సలో లేదు. సెలైన్ ఎక్కించి, వాంతులు ఆపి, పేగుల్లోంచి రక్తంలోకి ఇతర క్రిములు పాకకుండా యాంటీబయాటిక్స్ ఇస్తూ పిల్ల తట్టుకునేదాకా కాపాడటమే వైద్యం. తల్లి పాలు తొందరగా మాన్పించి, టీకా వేయకుండా, వేర్వేరు చోట్ల పుట్టిన పిల్లల్ని ఒకే గదిలో కలిపి ఉంచితే పార్వోకు అంతకన్నా అనువైన చోటు లేదు. మామ మూడు రోజులు మిర్చి యార్డుకు పోలేదు. పిల్ల గురువారం పొద్దున చనిపోయింది. అమ్మినవాడి నంబరు స్విచాఫ్. ఆ వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుందని, ఇల్లంతా బ్లీచింగ్‌తో కడగమని, టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పట్లో ఆ ఇంటికి తేవద్దని డాక్టరు చెప్పాడు.

రెండు బేరాల్లోనూ కొన్నవాళ్లు పిల్లనే చూశారు. తల్లిని చూడలేదు. నా దృష్టిలో మొత్తం వ్యవహారం ఇక్కడే ఉంది. కేసీఐ కాగితం అంటే చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే వంశపత్రం. అందులో తల్లిదండ్రుల, వాళ్ల పెద్దల పేర్లు, మైక్రోచిప్ నంబరు ఉంటాయి. కుక్క ఎవరి సంతానమో అది చెబుతుంది, ఒంట్లో రోగం ఉందో లేదో చెప్పదు. తల్లి ఎలా ఉందో, ఎక్కడ పడుకుంటుందో, ఎన్నిసార్లు పిల్లల్ని పెట్టిందో అక్కడికి వెళ్లి చూస్తేనే తెలుస్తుంది. 2017 నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో రిజిస్టర్ కావాలి. పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను కట్టించకూడదు. దాని జీవితంలో ఐదు ఈతలు మించకూడదు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్రకటనను ఏ యాప్ అయినా ఎందుకు ఎక్కించుకోవాలి? సెకండ్ హ్యాండ్ బైకు అమ్మాలంటే ఆర్‌సీ అడిగే మనం ప్రాణిని అమ్మేవాణ్ని ఏమీ అడగం.

ఆ తల్లి భూపాలపల్లిలో కనిపించింది. అదే పిల్ల తల్లి అని కాదు, అలాంటి తల్లి. సింగరేణిలో పనిచేసే ఆ అమ్మాయి పెద్దనాన్న ఒకసారి చెల్పూరు రోడ్డు మీద బండి ఆపితే తుమ్మచెట్టు కింద ఒక ఆడ లాబ్రడార్ పడి ఉందట. మెడకు తాడు కోసిన గుర్తు. ఎవరో బండిలో తెచ్చి దింపిపోయారు. క్వార్టర్‌కు తెచ్చి పెంచుకుంటున్నాడు. సెలవుల్లో జనగామ వాళ్లు, మామ కలిసి వెళ్లినప్పుడు అమ్మాయి ఆ కుక్క పక్కన చాలాసేపు కూర్చుంది.

పొదుగు నేలకు తాకేంత కిందికి వేలాడుతోంది. మోచేతుల మీద వెంట్రుక లేదు, చర్మం గట్టిపడి బూడిదరంగులో కాయలు కాచింది. సిమెంటు గచ్చు మీద ఏళ్ల తరబడి పడుకుంటే అలా అవుతుందని డాక్టరు పెద్దనాన్నకు చెప్పాడు. ముందుపళ్లు అరిగిపోయాయి. ఇనుప జాలీ కొరికి ఉంటుందట. తలుపు తెరిచిపెట్టినా గడప దాటడానికి దానికి మొదటి వారమంతా పట్టింది.

“సినిమాల చార్లీ లెక్క,” అంది అమ్మాయి. 2022లో తెలుగులోకి కూడా వచ్చిన ‘777 చార్లీ’ని ఆమె రెండుసార్లు చూసింది. దగ్గరి రక్తసంబంధంలోనే కట్టించి పిల్లల్ని తీసే బ్రీడర్ దగ్గర్నుంచి తప్పించుకున్న లాబ్రడార్ కథ అది. కాసేపాగి అడిగింది: “పెద్దనాన్నా, దీని పిల్లలు ఎటుపోయినయి?”

ఆయన వెంటనే చెప్పలేదు. టీచరమ్మ చెప్పింది. “మన ఫోన్లల్లకే వచ్చినయి బిడ్డా. డబుల్ బోన్, వ్యాక్సిన్ కంప్లీట్ అని.”

సాయంత్రం కాలనీలో ఉండే ఒకాయన గేటు దగ్గర ఆగాడు. కుక్కను చూసి, మంచి జాతి కుక్కలా ఉందే, ఈసారి పిల్లలు పెడితే ఒకటి తనకివ్వమన్నాడు. కావాలంటే డబ్బిస్తానన్నాడు.

“ఇగ పెట్టదు,” అన్నాడు పెద్దనాన్న. “బుధవారం మామునూరు వెటర్నరీ కాలేజీల ఆపరేషన్ చేపిస్తున్న. బండి మాట్లాడిన. బిడ్డ కూడ నాతోటి వస్తనన్నది.”