పులి మీద నుంచి దిగడం

సూర్‌లో సాయంత్రం ఆరు దాటితే మాకు పెద్ద పనేమీ ఉండదు. నేనూ, మా రూమ్మేటూ సముద్రపు ఒడ్డున నడుస్తూ, 1951లో ఇక్కడే కట్టిన ఫతహ్ అల్ ఖైర్ అనే పాత చెక్క ఓడ దాకా వెళ్ళి తిరిగొస్తుంటాం. ఆయనది రాజమండ్రి. మొన్న నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి, "ఈ ఏఐ కంపెనీల షేర్లు మరీ పెరిగిపోయాయండీ, షార్ట్ చేస్తే ఎలా ఉంటుందంటారు?" అన్నారు. అప్పటికేదో సర్దిచెప్పాను గానీ, ఇంటికొచ్చాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఎందుకో చివర్లో చెప్తాను.

తెలియనివాళ్ళ కోసం ఓ ముక్క. పక్కింటాయన దగ్గర పది బస్తాల మిర్చి అప్పుగా తెచ్చి ఇవాళ్టి రేటుకి అమ్మేశారనుకోండి. రేపు రేటు పడిపోతే చవగ్గా కొని ఆయన బస్తాలు ఆయనకిచ్చేస్తారు, మధ్యలో తేడా మీది. షార్ట్ సెల్లింగ్ అంటే ఇంతే. చిక్కల్లా ఏమిటంటే, ధర పడితే సున్నా దాకానే పడుతుంది, పెరిగితే మాత్రం ఎంతవరకు అన్న లెక్క లేదు.

మన దేశంలో ఈ ఆట పెద్ద ఎత్తున జరిగింది 2000-2001లో. అంతకుముందే, 1999 నవంబరులో, మన సత్యం వాళ్ళ పిల్ల కంపెనీ సత్యం ఇన్ఫోవే, ఇండియావరల్డ్ అనే వెబ్‌సైట్ల సంస్థను 499 కోట్లకు కొంటున్నట్టు ప్రకటించింది. జనం నోళ్ళు వెళ్ళబెట్టారు, షేర్లు మాత్రం ఇంకా పెరిగాయి. బొంబాయిలో కేతన్ పారేఖ్ కొన్ని కంపెనీలను ఎంచుకుని వాటి ధరలు ఎగదోశాడు. వాటికి కె-10 అని పేరు. పెంటామీడియా, సిల్వర్‌లైన్, డీఎస్‌క్యూ లాంటి వాటితో పాటు సత్యం కంప్యూటర్స్ కూడా ఆ జాబితాలో ఉండేది. ఇవి ఇంత చెయ్యవని ఎదురు నిలబడి అమ్మినవాళ్ళు బేర్లు. వాళ్ళ మాట చివరికి నిజమే అయింది గానీ, ఏడాది ముందు అమ్మినవాడికి, ఏడాది తర్వాత అమ్మినవాడికి ఫలితం ఒకటి కాదు. నాస్‌డాక్ 2000 మార్చి 10న 5,048 దగ్గర శిఖరమెక్కి, 2002 అక్టోబరు నాటికి 1,114కు జారింది. 1999లోనే దాన్ని షార్ట్ చేసిన తెలివైనవాళ్ళు ఎందరో ఆ శిఖరం చూడకముందే మునిగిపోయారు.

2001 మార్చిలో మార్కెట్ కూలినప్పుడు మన సెబీ మొదట చేసిన పనుల్లో ఒకటి షార్ట్ సేల్స్‌ను నిషేధించడం. ఆ నెల 30న కేతన్ పారేఖ్ అరెస్టయ్యాడు. మాధవపుర సహకార బ్యాంకు మునిగింది. జులైలో బద్లా పద్ధతి పోయింది. పెద్ద సంస్థలకు మళ్ళీ షార్ట్ సెల్లింగ్, షేర్లు అరువిచ్చే పద్ధతి మొదలైంది 2008 ఏప్రిల్‌లో. ధర పడగొట్టేవాడు దొంగ, ఎగదోసేవాడు దొర అని మనకు లోపల ఎక్కడో ఒక నమ్మకం ఉందనుకుంటాను.

ఇక 2009 జనవరి 7. నేను బీటెక్ ఆఖరి సంవత్సరంలో ఉన్నాను, హాస్టల్ టీవీ గదిలో నిలబడడానికి చోటు లేదు. రామలింగరాజు గారి ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవు. అంతకుముందు సెప్టెంబరు త్రైమాసికంలో 24 శాతం అని చూపిన లాభాల మార్జిను నిజానికి 3 శాతం. ముందురోజు 179 రూపాయలున్న షేరు ఆ రోజు 40 దగ్గర ముగిసింది. పులి మీద ఎక్కి దిగలేకపోయిన మనిషి పోలిక ఆ ఉత్తరంలోనిదే. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు ఏడేళ్ళ శిక్ష వేసింది, తర్వాత అప్పీలులో శిక్ష ఆగి బెయిలు వచ్చింది.

అమెరికాలో ఎన్రాన్ లెక్కల్ని జిమ్ చానోస్ అనే షార్ట్ సెల్లర్ కూలడానికి ముందే అనుమానించాడు కదా, మరి సత్యంని ఎందుకు ఎవరూ పట్టుకోలేదు అని నాకు చాన్నాళ్ళు సందేహం. ప్రమోటర్ల వాటా ఏటేటా తగ్గుతూ వచ్చిన సంగతి అందరికీ తెలుసు. 2008 డిసెంబరు 16న మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని, గంటల్లోనే వెనక్కి తగ్గినప్పుడూ లోకం చూసింది. అయినా దొంగ బ్యాంకు కాగితాలు రాతబల్ల మీద కూర్చుని చేసే పరిశోధనకు దొరకవు. దానికి తోడు అది మన కంపెనీ. మా హాస్టల్లో ఎవడైనా "ఇందులో ఏదో తేడా ఉంది" అని ఉంటే వాణ్ణి తన్ని ఉండేవాళ్ళం. నేనే ముందుండేవాణ్ణి.

ఇప్పుడు నిద్ర పట్టని సంగతి. 2020లో మస్కట్‌లో ఉన్నప్పుడు, ఒక అమెరికా టెక్నాలజీ కంపెనీ (పేరెందుకు లెండి) లెక్కలు మూడు వారాలు తిరగేసి, ఇది ఇంత చెయ్యదని తేల్చుకుని షార్ట్ చేశాను. చెల్లి పెళ్ళికని దాచిన డబ్బు అది. షేరు పెరిగింది. మార్జిను కట్టమన్నారు, కట్టాను. ఇంకా పెరిగింది. నాలుగో నెలలో చేతులెత్తేశాను. 2022లో ఆ షేరు నేను అమ్మిన ధర కంటే కిందకు పడింది. ఆ రోజు నా పాత ఎక్సెల్ షీటు తెరిచి చూసుకున్నాను, లెక్క ఒక్కటీ తప్పు లేదు. పెళ్ళికి మాత్రం నాన్న పొలం తాకట్టు పెట్టారు. ఎందుకు డబ్బు తక్కువైందో ఆయన నన్ను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ మధ్యే ఆ అప్పు తీరింది.

మా రూమ్మేటుకి రేపు ఇదంతా చెప్తాను. ధర ఎక్కువన్నది ఆయన సరిగ్గానే చూసి ఉండొచ్చు. ఎప్పుడు పడుతుందన్నది మాత్రం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నాన్నకి కూడా ఈసారి సెలవుకి వెళ్ళినప్పుడు చెప్పాలి.