గుల్ల సున్నం నుంచి రంగు డబ్బా దాకా

సంక్రాంతి దగ్గర పడితే దివిసీమలోని మా యానాది పేటలో ఒకటే మాట వినిపిస్తుంది: "ఈ ఏడు ఏం వేయిస్తున్నారు? సున్నమా, రంగా?" మా తాతల కాలంలో ఈ ప్రశ్న లేదు. వెల్ల వేయడానికి వాళ్ళకు గోడే లేదు. తాటాకు గుడిసె, చుట్టూ తడిక, తడిక మీద మట్టి మెత్తి పేడతో అలికిన అలుకు, అంతే. కానీ ఊళ్ళో పెద్ద ఇళ్ళ గోడలకు పట్టిన తెలుపులో వాళ్ళ కష్టం ఉంది. ఆ కష్టం గురించీ, ఈ రోజు మన పిల్లలు పట్టుకున్న రంగు కుంచె గురించీ కలిపి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాం.

కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు నేల మాది. తవ్వితే మట్టి, ఇసుక, ఉప్పునీరు. రాయి దొరకదు. సున్నపురాయి కావాలంటే పల్నాడు పోవాలి. ఈనాటికీ సున్నం బట్టీలంటే పిడుగురాళ్ళ పేరే చెబుతారు. సముద్రపు ఒడ్డున ఉన్నవాళ్ళకు దగ్గరలో దొరికేది గుల్ల. ఉప్పుటేర్లలో, మడ కాలువల్లో, ఇసుక తిప్పల మీద దొరికే ఆల్చిప్పలూ నత్తగుల్లలూ సున్నపురాయీ రసాయన శాస్త్రంలో ఒక్కటే, కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాలిస్తే కార్బన్ డయాక్సైడ్ పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే కుతకుత ఉడికి తడిసున్నం అవుతుంది. దాన్ని గోడకు పూస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మళ్ళీ పీల్చుకొని గట్టిపడుతుంది. అంటే వెల్ల వేసిన గోడ మీద ఉన్నది తిరిగి గుల్లగా మారిన పలచని పొర. తరగతిలో ఈ సమీకరణాలు చెప్పే మాస్టార్లు పిల్లల చేతికి ఒక ఆల్చిప్ప ఇచ్చి మొదలుపెడితే పాఠం మరిచిపోరు.

మా పెద్దలు చెప్పగా విన్న మాట: పోటు తీసినప్పుడు మోకాటి లోతు బురదలో దిగి గుల్లలు ఏరేవారు. కాళ్ళు కోసుకుపోయేవి. తట్టలకెత్తి బట్టీ దగ్గర పోస్తే గంపల లెక్కన కూలి. ఆ సున్నాన్ని గోడకు పూయడానికి మొగలి ఊడలను చితక్కొట్టి కుంచెలు కట్టేవారు. బట్టీ ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఏరిన వాళ్ళెవరో ఎవరూ రాసిపెట్టలేదు.

ఈ సీమలో సున్నం పని కొత్తది కాదు. గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు బౌద్ధ కట్టడాల మీద అలెగ్జాండర్ రీ 1894లో పుస్తకం వేశాడు. ఆ కాలపు ఇటుక స్తూపాలకు సున్నపు పూత పూసేవారు. తరువాత బందరుకు డచ్చివారు వచ్చారు. 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. వాళ్ళ గిడ్డంగులకూ కోటకూ ఇటుకా సున్నమే ఆధారం. మద్రాసులో గుల్ల సున్నంతో నునుపుగా తీర్చిన గోడలను చూసి పాలరాయిలా ఉన్నాయని పరదేశీయులు మెచ్చుకున్నారు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక కాలువ నీరు పారింది, వరి పండింది. వరి డబ్బుతో డెల్టా ఊళ్ళలో పెంకుటిళ్ళూ మేడలూ లేచాయి. ఏటేటా పండక్కి వెల్ల వేయించడం వాళ్ళకు ఆనవాయితీ అయింది. మనవాళ్ళు మాత్రం కాలువ గట్ల మీదా, చేల గట్ల మీదా గుడిసెల్లోనే ఉండిపోయారు.

ఉప్పెనలు వచ్చినప్పుడు ఈ తేడా ప్రాణాల మీదికి వచ్చింది. 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది పోయారు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది పోయారు. తాటాకు గుడిసె నీటి గోడకు ఏం ఆగుతుంది? ఆ తరువాతే ప్రభుత్వమూ సేవా సంస్థలూ ఈ ప్రాంతంలో పక్కా ఇళ్ళు కట్టించాయి. మా పేటలో చాలా కుటుంబాలకు మొదటి గోడ అలా వచ్చింది. అయినవాళ్ళను పోగొట్టుకున్నాక వచ్చిన గోడ అది. దానికి మొదటిసారి సున్నం వేసిన రోజు సంతోషించాలో ఏడవాలో తెలియలేదని మా పెద్దమ్మ చెప్పేది.

గోడ కట్టినంత మాత్రాన దాన్ని కాపాడుకోవడం రాదు. కొన్నేళ్ళ కిందట మా పేటలో ఒక ఇంట్లో పెళ్ళికని గోడలకు మెరిసే ఎనామిల్ వేయించారు. రంగు అమ్మినాయన అదే గట్టిదని చెప్పాడట. మొదటి వానాకాలానికే బుడగలు లేచి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. మా పేట కుర్రాడే ఒకడు రంగు మేస్త్రీ. గోడను గోరుతో గీరి చూసి ఇలా అన్నాడు: "మాస్టారూ, ఈ గోడ తాగిన ఉప్పునీరు ఇంకా బయటికొస్తానే ఉంది. పైన డబ్బా రంగు వేసి మూసేస్తే మూతేసిన కుండలా పొంగుద్ది." ఆ మాటలో శాస్త్రం ఉంది. మా నేలలోని చవుడు ఇటుకల గుండా పైకి ఎక్కుతుంది. సున్నపు పొరకు సన్నని రంధ్రాలుంటాయి కాబట్టి చెమ్మ బయటికి పోతుంది. నూనె రంగు దాన్ని లోపలే బంధిస్తుంది.

కాబట్టి రంగు ఎంచుకునే ముందు చూడాల్సింది రంగుల పుస్తకాన్ని కాదు, గోడను. చెమ్మ పట్టే పాత గోడకు సున్నమే మేలు. ఏటా వేయాల్సి వచ్చినా ఖర్చు తక్కువ. సిమెంటు రంగు వేస్తే దాని మీద నీళ్ళు చల్లి తడపాలి. లేకపోతే పొడిలా రాలిపోతుంది. డిస్టెంపరు వాన తగలని లోపలి గోడలకు సరిపోతుంది. బయటి గోడకు ఎమల్షన్ వేయదలిస్తే బయటికని చేసినదే తీసుకోవాలి. కొత్త ప్లాస్టరింగు ఆరడానికి కనీసం నెల రోజులు ఆగాలి. ఎనామిల్ ఇనుప కిటికీలకూ చెక్క తలుపులకూ తగినది. చెక్క గీతలు కనబడేటట్టు పాలిష్, వార్నిష్ వేస్తే అందమే కానీ, ఎండా వానా తగిలే వీధి తలుపుకు అది త్వరగా పగులుతుంది, లోపలి తలుపులకు ఉంచుకోవాలి.

ఇంకొక మాట టీచర్లకు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల వంతుల్లో 90 వంతులకు మించకూడదన్న నిబంధన 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పాత ఎనామిల్ పెచ్చుల్లో సీసం ఉండవచ్చు. అది పిల్లల మెదడుకు చేటు. బడి తలుపులూ కిటికీలూ గీకించేటప్పుడు తడిపి గీకించండి, పిల్లలను దూరంగా ఉంచండి.

ఇక రంగులు వేసే మన పిల్లల సంగతి. కుమ్మరికి సారె ఉన్నట్టు, సాలెకు మగ్గం ఉన్నట్టు, ఇళ్ళకు రంగులు వేసే పని మా వైపు ఏ ఒక్క కులానిదీ కాలేదు. అందుకే మన కుర్రాళ్ళు అందులోకి వెళ్ళగలిగారు. ఇప్పుడు బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో పరంజాల మీద వాళ్ళు కనబడుతున్నారు. ఇది చిన్న సంగతి కాదు. 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం 1911 తరువాత మద్రాసు రాజధానికీ వర్తించింది. స్టూవర్టుపురం, కప్పరాళ్ళతిప్ప వంటి సెటిల్‌మెంట్లలో మన తెగల వాళ్ళను పెట్టి హాజరు పిలిచారు. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది కానీ అనుమానం వెంటనే పోలేదు. రంగు మేస్త్రీ పడకగదిలోకీ, దేవుడి గదిలోకీ, బీరువా పక్కకీ వెళ్ళి పని చేయాలి. నమ్మకం లేనిదే ఎవరూ పిలవరు. గుల్ల మోసి గడప బయటే దించి వచ్చిన వాళ్ళ మనవళ్ళు ఈ రోజు గడప లోపల పని చేస్తున్నారు.

ఆ పనిలోనూ పాత ఉచ్చు ఒకటి పొంచి ఉంది, అడ్వాన్సు. పండగ ముందు చేతిలో డబ్బు పెట్టి, ఆ బాకీ తీరేదాకా వాళ్ళు చెప్పిన కూలికే పని చేయించుకోవడం మన తాతలకు తెలిసినదే. వెట్టిచాకిరీని చట్టం 1976లోనే నిషేధించింది. అందుకని పని ఒప్పుకునేటప్పుడే కాగితం మీద రాసుకోవాలి: గోడ ఎన్ని చదరపు అడుగులు, లప్పం ఉందా లేదా, ప్రైమరు ఎన్ని కోటింగులు, రంగు ఎన్ని, సరుకు ఎవరు తేవాలి, రోజు కూలా గుత్తా, డబ్బు ఏ దశలో ఎంత. పిలిచేవారు మనమైనా, వెళ్ళేవారు మనమైనా ఇదే పద్ధతి. మన మేస్త్రీని మన వాడే కదా అని బేరమాడి కూలి తగ్గించడం కూడా అన్యాయమే.

మా బడిలో ఒక పాత గోడకు వెల్ల రాలింది. పిల్లలు ఆ పెచ్చు అంచున పొరలు లెక్కపెట్టారు: అడుగున తెల్ల సున్నం, దాని మీద నీలిమందు కలిపిన సున్నం, మళ్ళీ తెలుపు, పైన పసుపు డిస్టెంపరు. "మాస్టారూ, అన్నిటికన్నా కింద ఉన్నది ఎవరు వేశారు?" అని ఒక పాప అడిగింది. వేసినవారెవరో మాకూ తెలియదు. ఇంటికెళ్ళి మీ తాతను అడగమన్నాం. మర్నాడు ఆ పాప రెండు పేర్లు రాసుకొచ్చింది. ఆ కాగితాన్ని బడి రికార్డులో అతికించాం. మీ ఊళ్ళో కూడా అడిగించండి.