భద్రాచలం దారిలో ఫ్యాను చప్పుడు

ఖమ్మం నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలానికీ, అక్కడి నుంచి చింతూరు వైపు అడవిలోకీ సాగే దారిలో మోటారు బండ్ల చరిత్ర రాయదలిస్తే, ఇంజను లాగే బలం కంటే ఇంజను వేడిని తీసే ఏర్పాటు గురించే ఎక్కువగా రాయవలసి వస్తుంది. వేసవి ఎండలకు పేరుమోసిన ఈ ప్రాంతంలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. బండ్లకు గిరాకీ పెరిగేదీ సరిగ్గా ఆ కాలంలోనే. చైత్రమాసంలో సీతారాముల కల్యాణానికి యాత్రికులు తరలివస్తారు, ఆ వెంటనే ఏప్రిల్, మే నెలల్లో అడవి పల్లెల నుంచి బీడీల తయారీకి వాడే తునికాకు కట్టలు లారీలకెక్కుతాయి. పాత వ్యానులో ఫ్యాను చప్పుడు ఎక్కడి నుంచి పుడుతోందో చెవితో పట్టుకోగల మేస్త్రీకి ఈ దారిలో దక్కే గౌరవాన్ని ఆ ఎండనూ ఆ గిరాకీనీ కలిపి చూస్తే తప్ప అర్థం చేసుకోలేము.

ఈ దారి ఒక్క పాలన కింద పెరిగినది కాదు. ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాలు నిజాం రాజ్యంలో ఉండగా, గోదావరికి ఆవలి ఒడ్డున ఉన్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోని తూర్పు గోదావరి జిల్లాకు చెందింది. నిజాం ప్రభుత్వ రైల్వే తన రోడ్డు రవాణా విభాగాన్ని 1932లో 27 బస్సులతో ప్రారంభించింది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో పెట్రోలు కరువైనప్పుడు మద్రాసు రాష్ట్రంలో కట్టెబొగ్గును కాల్చి, ఆ వాయువుతో బస్సులు నడిపారు. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడింది, భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959లో అందులో కలిశాయి. రైలు దిగే స్టేషనుకు భద్రాచలం రోడ్ అని పేరు పెట్టినా అది ఉన్నది కొత్తగూడెంలో. గుడికి చేరాలంటే అక్కడి నుంచి ఇంకా సుమారు 40 కిలోమీటర్లు రోడ్డు మీద వెళ్ళాలి, చివరన గోదావరిని దాటాలి. నది మీద వంతెన 1965లో ప్రారంభమైంది. అంతకుముందు ఒడ్డున ఆగి చల్లారే వీలున్న ఇంజనుకు ఆ తరువాత విరామం లేని ప్రయాణం దాపురించిందని ఊహించడం తప్పు కాదు. సారపాకలో కాగితపు మిల్లు వెలిసిన తరువాత వెదురు, కలప మోసే లారీల రాకపోకలు ఈ దారిని మరింత బరువెక్కించాయి.

బస్సులు, లారీల తరువాత ఈ దారిలో స్థిరపడినవి జీపులు, వ్యాన్లు. పూణేలో తయారైన మెటాడోర్ వ్యాను, 1984లో మార్కెట్లోకి వచ్చి తరువాతి కాలంలో ఓమ్ని అనే పేరుతో ప్రసిద్ధమైన మారుతి వ్యాను యాత్రికులకూ పెళ్ళిబృందాలకూ పనికివచ్చిన బండ్లు. ఈనాడు పాత వ్యానులో పరుపు, పొయ్యి, నీళ్ళ తొట్టి అమర్చుకుని దాన్నే బసగా చేసుకుని తిరిగేవారికి ఎదురయ్యే చిక్కు కూడా ఆ కాలపు డ్రైవర్లు ఎదుర్కొన్నదే: ఇంజను సీటు కిందనో, డ్రైవరు పక్కనో ఉండడం వల్ల చిన్న చప్పుడైనా లోపల కూర్చున్నవారికి గట్టిగా వినిపిస్తుంది, కానీ అది దేని చప్పుడో తేల్చడం కష్టమవుతుంది.

రేడియేటరు అంటే సన్నని గొట్టాల వరుస, వాటి నడుమ పల్చని రేకులు; ఇంజనులో వేడెక్కిన నీరు ఆ గొట్టాల గుండా పోతూ తన వేడిని గాలికి ఇచ్చి తిరిగి ఇంజనుకు చేరుతుంది. సమతల రోడ్డు మీద వేగంగా పోయే బండికి ఎదురుగాలే చాలావరకు సరిపోతుంది గనుక ఫ్యాను మీద భారం తక్కువ. చింతూరు దాటాక మారేడుమిల్లి వైపు ఘాట్ రోడ్డు ఎక్కే బండి పరిస్థితి దీనికి పూర్తిగా భిన్నం: గేరు తక్కువ, వేగం తక్కువ, ఇంజను శ్రమ ఎక్కువ, ఎదురుగాలి దాదాపు లేదు, అప్పుడు రేడియేటరు గుండా గాలిని లాగే పని అంతా ఫ్యానుదే. పైగా పత్తి, మిరప పండే ఖమ్మం మైదానంలో ఎగిరే నూగు, దుమ్ము, అడవిలోని ఎండుటాకుల పొడి రేకుల నడుమ పేరుకుంటాయి, బోరునీటిలోని సున్నం లోపల గొట్టాలను పూడుస్తుంది. కాబట్టి బండి కాగినప్పుడు నేరమంతా ఫ్యాను మీద మోపకుండా, రేడియేటరును రెండు వైపులా చూసిన తరువాతే ఫ్యాను జోలికి పోవడం మంచి మేస్త్రీ లక్షణం.

పాత జీపుల్లో, లారీల్లో ఫ్యాను రెక్కలను నేరుగా వాటర్ పంపు కప్పీకే బిగించేవారు, వాటర్ పంపు అంటే ఇంజనులో నీటిని తిప్పే పరికరం. ఇంజను తిరిగితే ఫ్యాను బెల్టు ద్వారా ఈ రెండూ కలిసి తిరుగుతాయి. ఈ కలయిక వల్లనే రోగనిర్ధారణ చిక్కుపడుతుంది, ఎందుకంటే ఫ్యాను చప్పుడుగా వినిపించేది నిజానికి బెల్టుదో, పంపు బేరింగుదో కావచ్చు. బండి స్టార్టు చేసిన వెంటనే, లేదా యాక్సిలరేటరు గట్టిగా నొక్కినప్పుడు, కీచుమనే శబ్దం వస్తే దృష్టి ముందు బెల్టు మీదికి పోవాలి. బెల్టు మీద కాసిని నీళ్ళు చల్లినప్పుడు ఆ శబ్దం క్షణంపాటు మారినా, ఆగినా అనుమానం బలపడుతుంది. బెల్టుకు సబ్బు రాసి ప్రయాణం కానిచ్చే పద్ధతి శబ్దాన్ని అణచినా జారుడును పెంచుతుంది గనుక, ఎండ వేళ ఘాట్ ఎక్కబోయే బండికి అది మేలు కంటే కీడే ఎక్కువ చేస్తుంది. శబ్దం కీచుగా కాక గరగరమంటూ, ఇంజను వేగంతో పాటు పెరిగితే బేరింగును అనుమానించాలి. ఇంజను పూర్తిగా ఆపి, రెక్కల కొనలను పట్టుకుని ముందుకు వెనుకకు కదిపితే బేరింగు లూజు చేతికే తెలుస్తుంది. పంపు అడుగున ఉండే చిన్న రంధ్రం చుట్టూ తుప్పునీటి చారలు ఉంటే లోపలి సీలు కూడా పోయిందనడానికి అదే గుర్తు.

షెడ్డులో చెవికీ ఇంజనుకూ మధ్య సాధనం పొడవాటి స్క్రూ డ్రైవరే. కర్రపిడిని చెవి పక్క ఎముకకు ఆనించి, ఇనుప కొనను తిరగని భాగానికి, అంటే పంపు ఒంటికి, డైనమో ఒంటికి, బ్రాకెట్టుకు వరుసగా తాకిస్తారు; ఏ చోట గరగర అన్నిటికంటే దగ్గరగా, పదునుగా వినిపిస్తే అదే మూలస్థానం. తిరిగే బెల్టుకు అంగుళాల దూరంలో చేసే ఈ పనిలో తువ్వాలు, చొక్కా చేతులు ముందుగా బిగించుకోవలసిందే. అప్పటికీ తేలకపోతే బెల్టు విప్పి ఇంజనును అర నిమిషానికి మించకుండా నడిపిస్తారు. చప్పుడు మాయమైతే లోపం బెల్టు తిప్పే భాగాల్లోనే ఉంది, అలాగే ఉంటే ఇంజనులో వెతకాలి. పంపు తిరగదు గనుక అంతకుమించి నడపడం ప్రమాదం.

తరువాతి తరం డీజిలు బండ్లలో కొన్నింటికి ఫ్యాను మధ్యలో సిలికోన్ నూనె నిండిన బిళ్ళ ఉంటుంది. రేడియేటరు వేడెక్కితేనే అది ఫ్యానును గట్టిగా పట్టుకుంటుంది. ఉదయం స్టార్టు చేసిన తొలి నిమిషంలో వచ్చే హోరు సహజమే. బండి చల్లగా ఉన్నా ఎంతసేపటికీ తగ్గని హోరు మాత్రం ఆ బిళ్ళ బిగుసుకుపోయిందని చెబుతుంది.

మారుతి వ్యాను వంటి బండ్లలో ఫ్యానును విద్యుత్ మోటారే తిప్పుతుంది. నీటి వేడిని బట్టి ఒక స్విచ్చి దాన్ని మొదలుపెట్టి ఆపుతుంది. ఇక్కడ స్క్రూ డ్రైవరు కంటే రెండు వైర్ల ముక్కలు ఎక్కువ పనికివస్తాయి: ఇంజను ఆపి, మోటారు కనెక్టరు విప్పి, బ్యాటరీ నుంచి మోటారుకు నేరుగా కరెంటు ఇచ్చినప్పుడు అదే చప్పుడు వస్తే లోపం మోటారులోనో, రెక్కల్లోనో ఉన్నట్టే. అప్పుడు చూడవలసినవి అరిగిన బుష్షు, గట్టిపడిన రబ్బరు వాషర్లు, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కవచానికి ఒరుసుకునే వంగిన రెక్క. అయితే బుష్షు అరిగిన పాత మోటారును పారవేయడం తొందరపాటు. వైండింగు షాపులో కొత్త బుష్షు, కార్బను బ్రష్షులు వేయిస్తే అది మళ్ళీ పనికివస్తుంది. వేడి బండిలో కొన్ని ఫ్యాన్లు తాళం తీసిన తరువాత కూడా వాటంతట అవే తిరగడం మొదలుపెడతాయి గనుక, చేయి లోపలికి పెట్టే ముందు బ్యాటరీ తీగ విప్పడం ఈ పనిలో తప్పని నియమం.