యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిచిన దారి

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు మనలో చాలామందికి జనరల్ నాలెడ్జ్ బిట్‌గానే తెలుసు. మన బడికి భీమవరం ఎంతో దూరం లేదు. అయినా నేను ఇక్కడ చదివిన రోజుల్లో ఆయన గురించి పాఠం చెప్పినవారు లేరు. తప్పు పట్టడానికి కాదు, అప్పుడు మన సిలబస్‌లో ఆయన లేరు. ఉద్యోగంలో చేరిన చాలాకాలానికి, అదీ ఒక బాయిలర్ పుణ్యమా అని, ఆయన నాకు ఎదురయ్యారు. ఆ సంగతి ముందు చెబుతాను.

ఇంజనీరింగ్ అయ్యాక నేను ఒక థర్మల్ విద్యుత్ కేంద్రంలో చేరాను. బాయిలర్ డ్రమ్ములోని నీళ్ళలో కొద్దిపాటి ఫాస్ఫేటు కలుపుతారు. గొట్టాల లోపల గార కట్టకుండా, నీటి క్షారగుణం నిలకడగా ఉండేలా అది చూసుకుంటుంది. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. అందుకని షిఫ్టుకొకసారి కెమికల్ ల్యాబ్‌లో కొలిచేవారు. శాంపిల్‌లో మాలిబ్డేట్ ద్రావణం పోసి, ఇంకో రసాయనం కలిపితే నీలిరంగు వస్తుంది. రంగు ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫేటు అంత ఎక్కువ. ఒక రాత్రి షిఫ్టులో సీనియర్ కెమిస్టు గారు టీ తాగుతూ, "ఈ రెండో సీసాలోది మీ గోదావరి ఆయన పెట్టిన మందేనయ్యా" అన్నారు. ఫిస్కే–సుబ్బారో పద్ధతి అని దాని పేరు. 1925లో అచ్చయింది. ఆ సుబ్బారోయే మన సుబ్బారావు గారు.

ఆ తర్వాత దొరికినవన్నీ చదివాను. ముఖ్యంగా పాత్రికేయులు ఎస్.పి.కె. గుప్త గారు ఆయన మీద చేసిన కృషికి తెలుగువాళ్ళం రుణపడి ఉండాలి.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో ఉద్యోగి. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. చదువు మీద మనసు నిలవక, కాశీ పోయి యాత్రికులకు అరటిపళ్ళు అమ్మి డబ్బు గడిద్దామని కుర్రవాడు ఇల్లు వదిలి బయల్దేరాడట. పట్టుకొచ్చి మళ్ళీ బళ్ళో వేశారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కారు. ఆ తర్వాత రామకృష్ణ మఠంలో చేరి సన్యసిస్తానన్నారు. తల్లి వెంకమ్మ గారు ఒప్పుకోలేదు.

మద్రాసు వైద్య కళాశాలలోనూ నేరుగా సాగలేదు. గాంధీ గారి పిలుపు విని ఖద్దరు తొడుక్కుని వెళ్తే సర్జరీ ప్రొఫెసరుకు కోపం వచ్చింది. చివరికి చేతికొచ్చింది ఎం.బి.బి.ఎస్. కాదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. అదే సమయంలో ఇంటిమీద పిడుగు పడింది. స్ప్రూ అనే పేగుల జబ్బుతో ఇద్దరు అన్నదమ్ములు రోజుల తేడాలో పోయారు. ఆయనకూ ఆ జబ్బు చేసింది. డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యంతో కోలుకుని, మద్రాసు ఆయుర్వేద కళాశాలలోనే శరీరశాస్త్రం చెప్పారు. ఈ జబ్బులకు మూలం ఏమిటో తేల్చాలన్న పట్టుదల అప్పటినుంచీ ఆయనను వదల్లేదు.

1920ల మొదట్లో బోస్టన్ చేరారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ సాయం, మామగారి సాయం తోడయ్యాయి. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చదువుతూ, పొట్టకోసం రాత్రిళ్ళు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పని చేశారు. చేతిలో ఉన్న ఎల్.ఎం.ఎస్. పట్టా అక్కడ వైద్యం చేయడానికి పనికిరాలేదు. అదీ ఒకందుకు మంచిదే అయిందేమో, ఫిస్కే అనే ఆచార్యుడి జీవరసాయన ప్రయోగశాలకు చేరారు.

ఇక్కడ కాస్త ఆగాలి. నా లెక్కలో ఆయన జీవితంలో అసలు మలుపు ఇదే. స్ప్రూకి మందు కనిపెట్టాలని సముద్రం దాటిన మనిషి, రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి ఒక పద్ధతి తయారుచేస్తూ కూర్చున్నారు. ఊళ్ళో ఎవరైనా చూస్తే దారి తప్పాడనే అంటారు. పాత పద్ధతుల్లో రంగు నిదానంగా వచ్చేది, నిలకడ ఉండేది కాదు. కొత్త పద్ధతిలో రంగు త్వరగా, నమ్మకంగా వచ్చింది. ఇక కండరాల సారం తీసి దాన్నీ కొలిచారు. అక్కడ ఒక చిక్కు కనిపించింది. రంగు వెంటనే పూర్తిగా రాదు. నిమిషాలు గడిచేకొద్దీ ముదురుతూ పోతుంది.

నాలాంటి ఇంజనీరు అయితే రియాజెంటు పాడైందని ఇంకో సీసా తెప్పిస్తాడు. వాళ్ళిద్దరూ అలా చేయలేదు. కండరంలో ఫాస్ఫరస్‌ని పట్టుకుని ఉన్న పదార్థమేదో ఆమ్లంలో మెల్లమెల్లగా విడిపోతోందని, అందుకే రంగు ఆలస్యమవుతోందని తేల్చారు. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో ప్రకటించారు. అదే ఏడు ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులూ వేరుగా దాని జాడ పట్టుకున్నారు. 1929లో ఏటీపీ. ప్రాణికి శక్తినిచ్చే నాణెం లాంటి ఆ పదార్థాన్ని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా కనుగొన్నారు. మన పిల్లలు ఇంటర్ బయాలజీలో ఏటీపీ బొమ్మ వేస్తారు. ఆ బొమ్మ వెనక ఉన్న మనిషి మెట్రిక్ రెండుసార్లు తప్పాడని వాళ్ళకు చెప్పే లెక్చరర్లు ఎందరున్నారో!

1930లో పిహెచ్.డి. వచ్చింది. శాశ్వత ఉద్యోగం మాత్రం హార్వర్డ్ ఇవ్వలేదు. మరో పదేళ్ళు అక్కడే కాలేయ సారాల మీద పని చేసి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి మారారు. రెండేళ్ళలో పరిశోధన విభాగానికి డైరెక్టరు అయ్యారు. అప్పటికి నలభై ఏడేళ్ళు. మిగిలింది ఆరేళ్ళే. ఆ ఆరేళ్ళలో జరిగినది చూడండి.

1945లో ఆయన బృందం ఫోలిక్ యాసిడ్‌ని ప్రయోగశాలలో తయారుచేసింది. గర్భిణులకు ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది ఇదే. దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూస్తే కోలుకున్నారు. అన్నదమ్ములు పోయిన పాతికేళ్ళకు, ఫాస్ఫరస్ మీదుగా, కాలేయం మీదుగా చుట్టు తిరిగి బయల్దేరిన చోటికే చేరారు.

అదే ఫోలిక్ యాసిడ్‌కి ఎదురుగా పనిచేసే మందులూ ఆయన ప్రయోగశాలే తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌ని బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ రక్తకాన్సర్ పిల్లలకు ఇచ్చారు. 1948లో అచ్చయిన నివేదికలో పదహారు మందిలో పదిమందికి గుణం కనిపించింది. అది తాత్కాలికమే, కానీ అంతకుముందు ఆ మాత్రమూ లేదు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్. మన బ్యాచ్‌లో కీళ్ళవాతానికి వారానికొకసారి ఆ మాత్ర వేసుకునేవాళ్ళు కనీసం ఇద్దరున్నారు, పేర్లు చెప్పను.

1947లో హెట్రజాన్. ఇది బోదకాలు మందు. చిన్నప్పుడు మన ఊళ్ళలో రాత్రి పొద్దుపోయాక ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి వేలికి సూది గుచ్చి రక్తం తీసుకెళ్ళేవారు, గుర్తుందా? ఆ పురుగు పిల్లలు రాత్రే రక్తంలోకి వస్తాయి. రక్తంలో కనిపిస్తే ఇచ్చే మాత్ర ఇదే. సొంత జిల్లా మీద ప్రేమతో కనిపెట్టారని రాస్తే బాగుండును గానీ, అలా జరగలేదు. యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో ఈ జబ్బు తెచ్చుకున్న అమెరికా సైనికుల కోసం ఆ పరిశోధన మొదలైంది. ఎవరికోసం మొదలైతేనేం, మన వీధుల్లోకీ వచ్చింది.

1948 ఆగస్టులో నిద్రలోనే పోయారు. యాభై మూడేళ్ళు, అంటే నాకంటే చిన్నవాడు. మన ప్రభుత్వం ఆయన పేరు మీద తపాలా బిళ్ళ వేసింది శతజయంతి ఏడాది, 1995లో.

ఒక మాట దాచడం న్యాయం కాదు. మూడేళ్ళలో తిరిగొస్తానని భార్య శేషగిరి గారికి చెప్పి వెళ్ళారు. ఆయన వెళ్ళాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు. ఆయన మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టలేదు. ఆయన ఓర్పు గురించి ఎంత చెప్పుకున్నా, ఇక్కడ ఎదురుచూసిన ఆవిడ ఓర్పు ఏ పరిశోధన పత్రంలోనూ లేదు. దీన్ని ఏ ఖాతాలో రాయాలో నాకు తోచదు, కానీ విజయం అన్నప్పుడు ఇదీ ఆ లెక్కలోదే.

సావనీర్ కమిటీ మిత్రులకు ఒక విన్నపం. ఈ సంచికలో పదో తరగతి ఫస్టు వచ్చినవారి పేర్లు, సంవత్సరాలవారీగా వేస్తున్నారని విన్నాను. వేయండి, నా పేరు కూడా ఎక్కడో ఉంటుంది, సంతోషమే. కానీ పోయిన సమావేశానికి మా బ్యాచ్ నుంచి వచ్చిన పద్నాలుగు మందీ ఒక్కసారికే పాసైనవాళ్ళు. తప్పినవాళ్ళు ఊళ్ళోనే ఉండి కూడా రాలేదు. వాళ్ళలో ఒకడు చేపల చెరువులకు నీటి పరీక్షలు చేసి బతుకుతున్నాడు, నాకంటే బాగా చేస్తాడు. "సర్టిఫికెట్ లేనివాణ్ణి, నేనెందుకురా" అన్నాడు ఫోనులో.

హెడ్మాస్టారి గదిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. పాసైనవారే కాదు, ఈ బళ్ళో చేరిన ప్రతి ఒక్కరి పేరూ వాటిలో ఉంది. వాటిని చూసి బ్యాచ్‌లవారీగా మొత్తం జాబితా రాసి, కబురు అందనివారికి కబురు పంపుదాం. వేసవి సెలవుల్లో నేను ఊళ్ళోనే ఉంటాను. రెండు వారాలు కూర్చుని రాసిపెడతాను. ఎనభైలనాటి రిజిస్టర్లు చెదలు తిన్నాయట, ముందు వాటితోనే మొదలుపెట్టాలి.