బిల్లుకు ప్రతిపదార్థము



మా జగ్గయ్యపేటకు పాత పేరు బేతవోలు. అమరావతీ ప్రభువు రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరిట ఈ పేటను కట్టించాడు. పేట అంటేనే వర్తకస్థానము. నందిగామ, జగ్గయ్యపేట రెండూ హైదరాబాదు - విజయవాడ బాటను ఆనుకొని ఎదిగిన ఊళ్ళు. 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లా మెట్టప్రాంతమనిపించుకొని, అప్పటినుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఈ రెండు ఊళ్ళ బడులలోనే నా తెలుగు పండిత ఉద్యోగమంతా గడిచింది. అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ మాట ఎలా మారుతూ వచ్చిందో చెప్పడమే ఈ వ్యాసోద్దేశము. ప్రేరణ మాత్రం నా స్వానుభవమే. దానిని దాచను.

నా చిన్నతనంలో మా నాయనగారి వెంట ఎడ్ల సంతకు వెళ్ళేవాణ్ణి. అక్కడ దళారి కండువా కప్పి, దాని కింద అమ్మేవాడి వేళ్ళు పట్టుకొని ధర అడిగేవాడు. ఎన్ని వేళ్ళు నొక్కితే అంత. చుట్టూ పదిమంది నిలబడి ఉన్నా ధర మాత్రం ఎవరికీ వినబడదు. కొనేవాడికి ఒక అంకె, అమ్మేవాడికి ఒక అంకె చెప్పి, మధ్యది తాను మింగే దళారులూ ఉండేవారు. మోసమంతా కండువా కిందనే ఉన్నదని మా నాయనగారు అనేవారు.

ఆ కండువాను తొలగించాలని మన పూర్వులు యత్నించకపోలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో తూనికలకు పౌతవాధ్యక్షుడు, అంగడికి సంస్థాధ్యక్షుడు వేరువేరుగా కనబడతారు. స్వదేశపు సరుకుమీద నూటికి అయిదు, పరదేశపు సరుకుమీద నూటికి పది మించి లాభం కూడదని అందులో నియమము. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనము మరింత మెచ్చదగినది. ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకువచ్చిన సరుకును అంతకుముందు రాజులు లాగుకొనేవారనీ, తాము నిర్ణీత సుంకము తప్ప వేరేమీ తీసుకొనమనీ అందులో ప్రతిజ్ఞ. గంధము, కర్పూరము, ముత్యములు మొదలైన వాటికి సుంకపు వివరాలు రాతిమీద చెక్కించాడు. చదువుకున్న వర్తకుడు ఆ రాతి ముందు నిలబడితే, సుంకరి అదనంగా అడగలేడు.

ఇక మోటారు వాహనాల కాలానికి వద్దాము. 1959లో కార్లకు, 1960లో స్కూటర్లకు పంపిణీ - విక్రయ నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి. బండ్లు తక్కువ, కోరేవారు ఎక్కువ. పేరు నమోదు చేసుకొని ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిందే. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ప్రధానోపాధ్యాయులవారు స్కూటరుకు పేరు రాయించి, అది వచ్చేసరికి పదవీ విరమణకు దగ్గరపడ్డారు. వంతు వచ్చిన మరునాడే దానిని బ్లాకులో అమ్ముకున్నవారూ లేకపోలేదు. అది కొరత పుట్టించిన మోసము. 1983 డిసెంబరు 14న ఇందిరా గాంధీ తొలి మారుతి కారు తాళాలు అందించారు. 1993లో కార్ల పరిశ్రమకు లైసెన్సు నిబంధన తొలగింది. కొరత పోయింది గనుక మోసమూ పోవాలి. పోలేదు, వేషము మార్చుకొన్నది. ఒకప్పుడు బండి లేదని చెప్పి డబ్బు గుంజేవారు. ఇప్పుడు బండ్లు నిలవ ఉన్నాయని చెప్పకుండా గుంజుతున్నారు.

నా సంగతి ఇది. పదవీ విరమణ సొమ్ముతో 2018 ఉగాదికి చిన్న కారు కొన్నాను. షోరూము పేరు చెప్పను. అక్కడ నన్ను చూడగానే "మాస్టారూ!" అని వచ్చి పాదాలకు నమస్కరించినవాడు నా పూర్వ విద్యార్థే. ఛందస్సులో గణాలు చకచకా విడగొట్టేవాడు. "మీరు కూర్చోండి, అన్నీ నేను చూసుకుంటాను" అన్నాడు. చూపిన చోటల్లా సంతకాలు పెట్టాను. నెల తిరిగాక రిజిస్ట్రేషను కార్డు వచ్చింది. అందులో తయారీ నెల 2017 జూన్. "ఈ ఏడాది బండే" అని వాడు నాతో రెండుసార్లు చెప్పాడు. బిల్లు తీసి చూస్తే హ్యాండ్లింగ్ ఛార్జీలని ఏడువేలు, నేను అడగని సామగ్రికి పద్నాలుగువేలు. భీమా వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్నారు. కొనుగోలుదారు తనకు ఇష్టమైన చోట భీమా తీసుకోవచ్చునని అప్పటికే నియమమున్నది. నాకు తెలియదు.

వెళ్ళి అడిగాను. వాడు తల ఎత్తలేదు. "నెలాఖరు టార్గెట్టు మాస్టారూ. పాత స్టాకు కదలకపోతే మా జీతంలో కోస్తారు. మీరైతే అడగరనుకున్నాను" అన్నాడు.

ఆ చివరి మాట నన్ను ఇప్పటికీ బాధిస్తున్నది. గురువు గనుక మోసం చేయకూడదని వాడికి తోచలేదు. గురువు గనుక ప్రశ్నించడని తోచింది.

మేనేజరు ఏడువేలు తిరిగి ఇచ్చాడు. తక్కినది ఇవ్వలేదు. వినియోగదారుల ఫోరానికి వెళ్దామన్నది మా ఆవిడ. కుర్రవాడి ఉద్యోగం పోతుందని నేను వెనుకాడాను. రెండేళ్ళ గడువు అలాగే దాటిపోయింది. అది దయ అనుకొన్నాను గాని, నా తరువాత అదే కుర్చీలో కూర్చున్నవారిపట్ల అది దయ కాదు.

ఎందుకంటే చట్టము లేక కాదు. పాత వస్తువును కొత్తదని చెప్పి అమ్మడం అనుచిత వ్యాపార విధానమని 1984లో గుత్తాధిపత్య నిరోధక చట్ట సవరణలో చేర్చారు. 1986 వినియోగదారుల రక్షణ చట్టమూ అదే చెప్పింది. 2020 జూలై నుండి అమలులో ఉన్న 2019 చట్టమూ చెబుతున్నది. గోవాలో ఒకాయన 2011లో కొత్త కారని కొన్నది 2009లో తయారైనదని, అప్పటికే ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు తిరిగినదని వివాదము సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 2021 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. డీలరు చేసిన పని తయారీదారుకు తెలుసునని నిరూపించనిదే ఆ కంపెనీని బాధ్యుణ్ణి చేయలేమన్నది కోర్టు. కనుక మనం ఎవరి చేతిలో డబ్బు పోస్తున్నామో వారి కాగితాన్నే చదువుకోవాలి.

అమెరికాలో ఈ బాధ పడలేక 1958లో ఒక చట్టం చేశారు. మన్రోనీ అనే సెనేటరు తెచ్చినది. కంపెనీ సూచించిన ధర, అదనపు సామగ్రి ధర, రవాణా ఖర్చు విడివిడిగా అచ్చువేసి ప్రతి కొత్త కారు అద్దానికి అంటించాలి. నాకు అది మోటుపల్లి శాసనపు మనుమడిలా తోచింది.

నలభై మంది పిల్లలకు ఏటేటా పద్యానికి ప్రతిపదార్థం నేర్పాను. బిల్లుకు ప్రతిపదార్థం నేను నేర్చుకోలేదు, వారికి నేర్పలేదు. ఇప్పుడు నేర్పుతున్నాను. కొత్త బండి కొంటామని మా ఇంటికి వచ్చేవారికి నాలుగు మాటలు చెబుతాను. డబ్బు కట్టకముందే తయారీ నెల, సంవత్సరం కాగితంమీద రాయించుకోండి. తయారీదారు ఇచ్చే ఫారం 22, అమ్మకపు పత్రం ఫారం 21 కళ్ళతో చూడండి. భీమాకు బయట కూడా ధర అడగండి. బిల్లులో ప్రతి వరుసకూ "ఇది దేనికి?" అని అడగండి. ఎదుటివాడు మీ శిష్యుడైతే రెండుసార్లు అడగండి.

ఆ కుర్రవాడు ఇప్పుడా షోరూములో లేడు. మొన్న సంక్రాంతికి కనబడి నమస్కరించాడు. బాగున్నావా నాయనా అన్నాను. బాగున్నాను మాస్టారూ అన్నాడు. కారు ఎలా నడుస్తున్నదని మాత్రం వాడు అడగలేదు, నేను చెప్పలేదు.

మీకూ ఇటువంటి అనుభవాలుంటే తెలుపగోరుతాను.

సెలవు.