బడిలో వడ్రంగం

బడిపిల్లలకు వడ్రంగం నేర్పే పద్ధతి 19వ శతాబ్దపు ఐరోపాలో రూపుదిద్దుకుంది. విద్యావేత్త ఊనో సిగ్నేయస్ చొరవతో ఫిన్లాండ్‌లో 1866 నాటి పాఠశాలల శాసనం చేతిపనిని చదువులో భాగం చేసింది. స్వీడన్‌లో ఒట్టో సాలమన్ 1875లో నేస్ అనే చోట ఉపాధ్యాయులకు శిక్షణ మొదలుపెట్టాడు. ఈ పద్ధతికి స్లాయిడ్ అని పేరు.

వడ్రంగులను తయారుచేయడం స్లాయిడ్ ఉద్దేశం కాదు. కన్నూ చెయ్యీ కుదురుకోవాలి, ఒళ్లు వంచి చేసే పనిపై గౌరవం కలగాలి. పిల్లల చేతికి మొదట ఇచ్చేది కత్తి. దానితో పూలమొక్కకు ఆసరాగా గుచ్చే పుల్ల వంటివి చెక్కేవారు. రంపం, చిత్రిక, ఉలి తర్వాత వచ్చేవి. నమూనాలు సులువు నుంచి కష్టానికి వరుసగా సాగేవి. చేసిన ప్రతి వస్తువూ ఇంట్లో పనికిరావాలి.

మాస్కోలో విక్టర్ డెల్లా వాస్ దారి వేరు. అక్కడ వస్తువుల తయారీకి ముందు అతుకులు, కోతలు విడివిడిగా సాధన చేయించేవారు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో ఈ నమూనాలు అమెరికన్లను ఆకట్టుకున్నాయి. కాల్విన్ వుడ్‌వర్డ్ 1879లో సెయింట్ లూయిస్‌లో చేతిపని శిక్షణ పాఠశాల స్థాపించాడు. 1888లో గుస్తాఫ్ లార్సన్ బోస్టన్‌కు స్లాయిడ్ తెచ్చాడు. ఈ రెండు పాయల నుంచే అమెరికా హైస్కూళ్లలో చేతిపని నేర్పే షాప్ క్లాసు ఎదిగింది. 1917 నాటి స్మిత్-హ్యూస్ చట్టంతో వృత్తివిద్యకు కేంద్ర నిధులు అందాయి.

భారతదేశంలో 1937 నాటి వార్ధా పథకం చేతివృత్తినే చదువుకు కేంద్రం చేసింది. దాన్ని రూపొందించిన జాకిర్ హుసేన్ సంఘం సూచించిన వృత్తుల్లో నూలు వడకడంతో పాటు వడ్రంగమూ ఉంది.