ఖడ్గమృగపు కొమ్ము

నా చిన్ననాట మా పల్నాటి సంతలో ఒక మందులవాడు అలుగు పొలుసులతో ఉంగరములు చేసి, మొలలవ్యాధికి దివ్యౌషధమని అమ్ముచుండెను. మా తాతగారు పావలా యిచ్చి ఒకటి కొనిరి. ఉంగరము ఆయన వ్రేలినుండి ఊడలేదు. వ్యాధియు ఆయనను విడువలేదు. నేటి ప్రసంగమునకు ఆ యుంగరముతో సంబంధము కలదు. దానిని తుదకు విన్నవించెదను.

ఖడ్గమృగమనగానే అస్సాము జంతువని తలంతుము. కాని అది ఒకప్పుడు తెలుగునేల మీదను తిరిగినది. మన మైదానమునకు పడమట, నల్లమల దాటినచో, బేతంచెర్ల చెంత బిల్లసర్గము గుహలున్నవి. 1884లో రాబర్టు బ్రూస్ ఫుట్ అను భూగర్భశాస్త్రవేత్తయు, ఆయన కుమారుడు హెన్రీయు వానిని త్రవ్వింప నారంభించిరి. అందు దొరకిన యెముకలను లిడెక్కర్ పండితుడు పరీక్షించి, 1886లో అచటి ఖడ్గమృగమునకు కర్నూలు పేరే పెట్టెను. ఆ మృగము ప్రాచీనకాలముననే పోయినది.

కాని మన కాలముననే, మనుష్యుల చేతులలోనే, పోయిన ఖడ్గమృగ మొకటి కలదు. అది ఆఫ్రికాఖండపు పడమటి నల్ల ఖడ్గమృగము. రెండు కొమ్ములు గలది. పొదల ఆకులు మేయునది. ఆఫ్రికాలోని నల్ల ఖడ్గమృగములన్నియు కలిసి 1970లో సుమారు 65,000 ఉండగా, 1995 నాటికి 2,400 మాత్రమే మిగిలెను. వానిలో పడమటి ఉపజాతి 1997 నాటికి కామెరూన్ దేశమున ఇంచుమించు పది. అవియు దూరదూరముగా చెదరియుండుటచే ఆడుమగలు కలియుట దుర్లభమయ్యెను. 2006లో అడవులన్నియు వెదకినను ఒక్కటియు కానరాలేదు. 2011లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘమువారు అది అంతరించినదని ప్రకటించిరి.

దీనికి కారణము కొమ్ము. యెమెన్ దేశమున బాకులకు పిడులుగను, చీనా వైద్యమున జ్వరమునకు మందుగను దానిని వాడిరి. 1977లో అంతర్జాతీయ వ్యాపారము నిషేధింపబడినను, దొంగచాటు వేట ఆగలేదు. చీనావారు 1993లో తమ దేశమున నిషేధించిరి. వియత్నాము అడవిలోని చివరి జావా ఖడ్గమృగము 2010లో కాలికి గుండు దెబ్బతో, కొమ్ము కోయబడి, చచ్చి కనబడెను.

వేటకాడు పది చంపినను మరల పుట్టవా యని మీరడుగవచ్చును. ఖడ్గమృగము పదునైదు మాసములకు మించి గర్భము మోసి ఒక్క పిల్లనే కనును. మరల కనుటకు రెండు మూడేండ్లు పట్టును. అట్టిదానిని ఏటేట చంపుట, మిరప విత్తనమును దంచి కారము చేసికొని, మరుసటి యేడు నారు పోయుదుననుట వంటిది.

కాపుదల గట్టిగా ఉన్నచోట అది బ్రతుకును. అస్సాములోని కాజీరంగా అడవిలో ఒకనాడు వ్రేళ్లమీద లెక్కింపదగిన ఖడ్గమృగములు, 2022 నాటి గణనలో 2,613 అయ్యెను. కాని కావలివాడు అడవిలో ఒకచోట నుండును. కొనువాడు ఎల్లయెడల నుండును. కొనువాడు లేనినాడు వేటకానికి పనియే లేదు.

ఇక ఆ కొమ్మేమి? అందు ఎముక లేదు. మన గోళ్లు, వెండ్రుకలు, ఎద్దు గిట్టలు ఏ పదార్థముతో నైనవో, అదియు ఆ పదార్థమే. అలుగు పొలుసును అంతియే. ఈ మాట నేనెరిగిన పిమ్మట తాతగారి ఉంగరమును పెట్టెనుండి తీసి, పొయ్యిలో నిప్పులపై వేసితిని. కాలిన జుట్టువాసన వచ్చెను. ఇంటిలోనివారు ఎవరి తల కాలినదో యని పరుగెత్తి వచ్చిరి.

పెద్దలారా! అలుగును చంపుటయు, దాని పొలుసులమ్ముటయు 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టముచే నేరము. సంతకు అట్టి ఉంగరము వచ్చినచో మీ పిల్లలకు చట్టముకంటె ముందు ఈ వాసన మాట చెప్పుడు. మీ మాట విని ఒక్కరు కొనక మానినను, ఒక అలుగు నల్లమలలో తన పుట్ట తాను త్రవ్వుకొనుచు బ్రతుకును. తాతగారి పావలా నేను తిరిగి తేలేను. ఈ మాట మాత్రము మీకు చెప్పగలిగితిని.